తోడు ఊపిరి

ఉరుము వినబడితే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకెయ్యడం మా జగన్నాథపురంలో అందరికీ ఉన్న అలవాటే. ముందు టీవీ, తర్వాత కేబుల్ తీగ, తర్వాత ఫ్రిజ్. నేను మాత్రం అన్నిటికంటే ముందు కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. టీవీ కాలిపోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఆ కంప్యూటర్ కాలిపోతే మా అమ్మాయి తన్మయి ఆ రాత్రి నిద్రలో ఊపిరి తియ్యదు.

పెద్దది చేసి చెప్పడం లేదు. తన్మయి పుట్టుకే అలాంటిది. మెలకువగా ఉన్నంతసేపూ అందరిలాగే ఊపిరి తీస్తుంది, నవ్వుతుంది, నాతో పోట్లాడుతుంది. నిద్ర పట్టిందంటే మాత్రం ఒంటికి ఊపిరి సంగతే గుర్తుండదు. అందుకని పసితనంలోనే మెడ ఎముక కింద చిన్న బిళ్ల పెట్టారు. పడుకునేటప్పుడు ఆ బిళ్ల మీద గుండ్రటి పట్టీ ఒకటి అతికిస్తాం. పట్టీ తీగ కంప్యూటర్‌కి ఉంటుంది. కంప్యూటర్ చెప్పినప్పుడల్లా పక్కటెముకల కింద కండ లాగుతుంది, గాలి లోపలికి వెళుతుంది. దీన్ని కనిపెట్టిన డాక్టర్ పద్మాక్షి గారు దీనికి తోడు ఊపిరి అని పేరు పెట్టారు.

ఆ కంప్యూటర్ వయసు తన్మయి వయసు కంటే కొన్ని నెలలు తక్కువ, అంతే. బొజ్జ ఉన్న పాత పెట్టె. వేసవిలో ఫ్యాను రొద చేస్తే నాకు అన్నం సయించేది కాదు. అయినా ఏనాడూ మోసం చెయ్యలేదు. అలాంటిదాని తెర మీద కొన్ని నెలలుగా ఒక పసుపు చీటీ పడుతోంది. మీ సిస్టమ్ పాతబడింది, అప్‌గ్రేడ్ చేసుకోండి, లేకపోతే ఇకమీదట మా బాధ్యత లేదు అని.

"బాగా నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకే?" అన్నాను.

"అమ్మా, కదపకపోయినా భయమే నీకు, కదిపినా భయమే. ఏదో ఒకటి తేల్చుకో" అంది తన్మయి.

విశాఖపట్నం ల్యాబులో ఇంజనీరు ఇమ్మానుయేలు అనే కుర్రాడు ఫోనులో ఉన్నాడు. ఎలా చెయ్యాలో ఒక్కొక్కటీ అతను చెబుతుంటే తన్మయి నొక్కింది. కాలేజీ రికార్డు రాస్తూ ముందు రాత్రి తెల్లవార్లూ మేలుకునే ఉంది. ఇది అయిపోతే మధ్యాహ్నం హాయిగా పడుకుంటానంది. తెర మీద నీలం గీత మెల్లగా కుడివైపుకి పాకుతోంది. "ఇక దాని పని అది చేసుకుంటుందండి, ముట్టుకోకుండా ఉంటే చాలు" అని అతను ఫోను పెట్టేశాడు. తన్మయి స్నానానికి వెళ్లింది. నేను పప్పులోకి పోపు వేస్తున్నాను.

సముద్రం వైపు నుంచి ఉరిమింది.

నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని అని కూడా అనుకోలేదు. ఇన్నేళ్లుగా ఉరిమినప్పుడల్లా గోడ ప్లగ్గు పీకేదాన్ని, కింద ఉన్న బ్యాటరీ పెట్టె మీద కంప్యూటర్ నడిచేది. ఉరుములు తగ్గాక మళ్లీ పెట్టేదాన్ని. ల్యాబువాళ్లే అప్పట్లో నేర్పారు. ఆ రోజూ అలాగే పీకాను. బ్యాటరీ ఎప్పుడు నీరసించిందో నేను చూసుకోలేదు, పెట్టె ఒకసారి కుయ్యిమంది. మళ్లీ కుయ్యిమంది. ఆ పైన తెర నల్లబడింది. ఫ్యాను రొద ఆగిపోయింది. ఆ రొద ఆగితే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

తన్మయి తడి జుట్టుతో బయటికి వచ్చి నా చేతిలో ప్లగ్గు చూసింది.

"అమ్మా... పీకావా?"

పొయ్యి మీద పోపు మాడి ఇల్లంతా మిరపకాయ ఘాటు కమ్మేసింది. ఇద్దరం దగ్గుతూ కంప్యూటర్ ముందు కూలబడ్డాం.

ప్లగ్గు పెట్టి మీట నొక్కాం. కంపెనీ బొమ్మ వచ్చింది, పోయింది. మళ్లీ బొమ్మ, మళ్లీ నలుపు. దేవుడా దేవుడా అంటూ నేను దాని పక్కనే కూర్చున్నాను. ఇమ్మానుయేలుకి మళ్లీ ఫోను చేసి, అతను చెప్పినవన్నీ తన్మయి చేసింది. ఏదో మీట నొక్కిపట్టి సేఫ్ మోడ్ అంది, రాలేదు. పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్లు అంటే, వెనక్కి వెళ్లడానికి ఏమీ లేదని తెల్లటి అక్షరాలు వచ్చాయి. డిస్కు తనిఖీ పెడితే సగంలో నిలబడిపోయింది.

"ఇమ్మానుయేలు గారూ, నిజం చెప్పండి" అంది తన్మయి.

అతను దాచలేదు. "పాత డిస్కులో చోటు చాలక, అప్‌గ్రేడ్ ఉన్న ఫైళ్లని ఒక్కొక్కటీ కుదించి పక్కకి సర్దుతుందండి. ఆ పనిలో ఉండగా కరెంటు పోయింది. ఊపిరి ఫైలు సగమే సర్దిందేమో అని నా భయం."

"మీ దగ్గర ఇంకో కాపీ ఉంటుంది కదా బాబూ?" అన్నాను.

"ఉందనే రికార్డులో రాసుందండి. అది నమ్మే మొదలుపెట్టించాను. ఇప్పుడే తెరిపించి చూశాను ఆంటీ. ల్యాబు కొత్త బిల్డింగులోకి మారినప్పుడు ఆ డిస్కులు వానకి తడిసిపోయాయట. నేను కొత్త డిస్కు తీసుకుని ఇప్పుడే బయల్దేరుతున్నాను. సాయంత్రం లోపు మీ ఇంట్లో ఉంటాను. అప్పటిదాకా..." అని ఆగాడు.

అప్పటిదాకా ఏమిటో మాకు తెలుసు. తన్మయి నిద్రపోకూడదు.

ఊపిరి ఫైలంటే ఏమిటో చెప్పాలి. తన్మయి చంటిబిడ్డగా ల్యాబులో ఉన్నప్పుడు, మొదట గడియారంలా లెక్క తప్పని ఊపిరి ఇచ్చారు యంత్రంతో. పిల్ల ఒళ్లు దాన్ని ఒప్పుకోలేదు. ఎక్కిళ్లు, వాంతులు, పెదాలు నీలం. అద్దం అవతల నుంచి చూస్తూ నేను గోడకి తల కొట్టుకునేదాన్ని. ఒకరోజు నర్సు జాలిపడి పిల్లని నా గుండెల మీద పడుకోబెట్టింది. అలసిపోయి నాకు కునుకు పట్టింది. అప్పుడు పద్మాక్షి గారు చూశారట, పిల్ల కూడా నిద్రపోయింది, నా ఛాతీ లేచినప్పుడల్లా దాని ఛాతీ కొంచెం లేస్తోందట. యంత్రం ఊపిరి కాదు, మనిషి ఊపిరి కావాలి దీనికి అన్నారామె. నా ఛాతీ చుట్టూ బెల్టులాంటి పటకా కట్టి, నేను నిద్రపోతుంటే నా ఊపిరిని కంప్యూటర్‌లోకి తీసుకున్నారు. మా ఆయనదీ తీసుకున్నారు. ఆయన గురకకి పక్కగదిలో నర్సులు ఒకటే నవ్వు, పాపకి మాత్రం ఎక్కిళ్లు. నాదే పట్టింది. అప్పటినుంచి నా పందొమ్మిదేళ్ల కూతురు ప్రతి రాత్రీ నా ఒకప్పటి ఊపిరి తీస్తూ బతుకుతోంది.

ఆ ఊపిరే ఇప్పుడు లేదు.

మా ఆయన సూరిబాబుది పోర్టులో సరుకు మోసే బార్జీల మీద పని. కబురందగానే లుంగీ మీదే వచ్చేశారు, వస్తూ వస్తూ అంబులెన్సుని వెంటబెట్టుకుని. అది మా వాకిట్లో నిలబడింది.

"ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోదామంటావా?" అన్నారు నన్ను పక్కకి పిలిచి.

"గొట్టమా? మళ్లీనా?" అన్నాను.

ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి తీగ తెగితే ఆస్పత్రిలో గొంతులోకి గొట్టం వేశారు. ఆ గొట్టం గాలికీ లోపలున్న బిళ్లకీ పొసగలేదు. ఎడమ ఊపిరితిత్తి అప్పుడే పాడైంది. మిగిలింది కుడిది ఒక్కటే. అది చివరి దారి అని పద్మాక్షి గారు ఫోనులో అన్నారు. చివరిది అంటే ఆ తర్వాత ఇంకేమీ ఉండదని కదా.

మధ్యాహ్నమయ్యేసరికి తన్మయి కళ్లు వాలిపోవడం మొదలైంది. కూర్చోనివ్వలేదు. వరండాలో అటూ ఇటూ నడిపించాం. మొహాన నీళ్లు కొట్టాను. అన్నం పెట్టలేదు, తింటే మత్తు వస్తుందని.

"ఆకలేస్తోందే అమ్మా."

"పచ్చిమిరపకాయ నములు."

"కన్నతల్లివేనా నువ్వు?"

"నాన్నా, ఏదైనా కోపం వచ్చే మాట చెప్పు. కోపం వస్తే నిద్ర రాదు" అంది తన్మయి ఆయన వైపు తిరిగి.

ఆయన తల గోక్కుని, "నీ స్కూటీ అమ్మేద్దామనుకుంటున్నానమ్మా" అన్నారు.

"అమ్మి చూడు!" అని అరిచింది. అరుస్తూనే గోడకి ఆనుకుంది. ఆనుకుంటూనే మెడ వాలింది. ఛాతీ ఆగింది. నేను చూశాను, ఆగింది. చెంప మీద ఈడ్చి కొట్టాను. కళ్లు తెరిచి గాలి మింగింది. కోపం లేదు దాని మొహంలో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇమ్మానుయేలు వచ్చేసరికి వాన వెలిసింది. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చి పెట్టె విప్పాడు. పాత డిస్కు తీసి తను తెచ్చినదానికి కలిపాడు. కొత్త డిస్కు మీద సిస్టమ్ చక్కగా లేచింది. బొమ్మ వచ్చింది, రంగులు వచ్చాయి. తోడు ఊపిరి ప్రోగ్రాము కూడా తెరుచుకుంది. ఊపిరి ఫైలు నొక్కాడు. గీత కొంచెం లేచి, పడి, ఆ తర్వాత చివరిదాకా సాపుగా ఉంది.

చచ్చిపోయినవాళ్ల గీత అలాగే ఉంటుంది కదా. నేను అటు చూడలేకపోయాను.

ఫోనులో పద్మాక్షి గారి గొంతు బాగా ముసలిదైపోయింది. "సత్యవేణీ, భయపడకుండా విను. మళ్లీ నీ ఊపిరే తీసుకుందాం. నువ్వు నిద్రపోవాలి."

"నేనా? ఇప్పుడా? నిద్రమాత్ర వేసుకోనా అమ్మా?"

"వద్దు. మాత్రతో వచ్చే నిద్రలో ఊపిరి మొద్దుగా ఉంటుంది. అదే పిల్లకి వెళ్తుంది. నీ అంతట నువ్వే నిద్రపోవాలి."

నిద్రపోవడం! దీన్ని కన్నప్పటినుంచి నేను నిండుగా నిద్రపోయిందెప్పుడు? దాని మంచం పక్కన నా మంచం, ఒక చెవి ఎప్పుడూ అటే. ఇప్పుడు నేను పడుకోవాలట, అది మేలుకుని కూర్చోవాలట. నేను కళ్లు మూసుకున్నాక అది కునికితే? వాళ్ల నాన్న పక్కకి తిరిగినప్పుడే కునికితే? ఈ కుర్రాడు తెర చూస్తుండగా కునికితే?

ఇమ్మానుయేలు తెచ్చిన పటకా కట్టారు. పడుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

"ఆంటీ, మీరు నిద్రపోలేదు. గీతలో తెలిసిపోతుంది" అన్నాడు ఇమ్మానుయేలు.

"దొంగనిద్ర కూడా సరిగ్గా రాదు మా ఆవిడకి" అన్నారు ఆయన. ఎవరూ నవ్వలేదు.

తన్మయి వచ్చి నా మంచం మీదే కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన పక్కటెముకల మీద పెట్టుకుంది. "ఇదిగో. ఆగిందంటే నీ చేతికే తెలుస్తుంది. తెలిస్తే నువ్వే లేస్తావు. ఇన్నేళ్లుగా నీ పని అదే కదా. పడుకో."

"నువ్వు కునకవు కదా?"

"మిరపకాయ ఉంది నోట్లో. పడుకోవే అమ్మా, నీకు దణ్ణం పెడతాను."

నా చేతి కింద దాని ఎముకలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఇంకో చేత్తో అది నన్ను జోకొడుతోంది, నేను దాన్ని జోకొట్టినట్టే. వాకిట్లో అంబులెన్సు డ్రైవరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను పడుకుంటే ఏమవుతుంది, పడుకోకపోతే ఏమవుతుంది అని అటూ ఇటూ తిరుగుతూ ఎక్కడ జారిపోయానో తెలియదు.

లేచేసరికి వెలుతురు మారిపోయి ఉంది. ఉలిక్కిపడి చూశాను. తన్మయి కూర్చునే ఉంది. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, పెదాలు కారానికి వాచిపోయాయి. నా చెయ్యి దాని పక్కటెముకల మీదే ఉంది.

"గురక పెట్టావు" అంది.

ఇమ్మానుయేలు మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. "ఆంటీ, మీకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బేమైనా ఉందా?"

లేచి తెర దగ్గరికి వెళ్లాను. గీత చూపించాడు. బాగానే లేస్తోంది, దిగుతోంది. ఉన్నట్టుండి ఒకచోట సాపుగా అయిపోతోంది. కాసేపటికి మళ్లీ లేస్తోంది. కొంచెం దూరం వెళ్లాక మళ్లీ అదే.

"జబ్బు కాదండి" అంది తన్మయి. "నాకు తెలుసు. మెలకువ వచ్చినప్పుడల్లా పక్క మంచం మీద చూస్తూనే ఉంటాను. అమ్మ నిద్రలో ఊపిరి బిగబడుతుంది. నేను ఊపిరి తీస్తున్నానో లేదో వింటుంది. వినబడ్డాక వదులుతుంది."

నేను నిద్రలో అలా చేస్తానని నాకే తెలియదు.

"ఆ ఖాళీలు కోసేసి మిగతాది అతికిస్తాను" అన్నాడు ఇమ్మానుయేలు. చేశాడు. పట్టీ అతికించి తన్మయిని పడుకోబెట్టాం. పడుకోవడమే ఆలస్యం, నిద్రలోకి జారిపోయింది. అతికించిన ఊపిరి మొదలైంది. రెండు మూడు సార్లు బాగానే ఆడింది. అంతలో ఎక్కిళ్లు. ఒళ్లు విల్లులా వంగింది, పెదాలు నీలంగా మారాయి. లేపేసరికి పరుపు పట్టుకుని ఏడుస్తోంది. చంటిబిడ్డప్పుడు అద్దం అవతల నుంచి చూసింది మళ్లీ చూశాను.

"కొయ్యకూడదు" అన్నారు పద్మాక్షి గారు ఫోనులో. "మనిషి ఊపిరి ఎలా వస్తే అలాగే ఇవ్వాలి. ఖాళీలతో సహా ఇవ్వండి."

"ఖాళీ పెద్దదైతేనో అమ్మా?" అన్నాను.

"నీ ఊపిరే కదా సత్యవేణీ. నువ్వు బతికే ఉన్నావు."

తన్మయి ఇక కూర్చోలేకపోతోంది. ఆయన దాన్ని పసిపిల్లలా ఎత్తుకుని పడుకోబెట్టారు. వాకిట్లో అంబులెన్సు ఇంజను స్టార్టు చేసి ఉంచారు. వీధిదీపాలు వెలుగుతున్న వేళ. ఇమ్మానుయేలు నొక్కాడు.

దాని ఛాతీ లేచింది. దిగింది. లేచింది. ఎక్కిళ్లు లేవు. పెదాలు మామూలుగానే ఉన్నాయి. ఆయన నా భుజం పట్టుకున్నారు. లేస్తోంది, దిగుతోంది, కొంచెం బరువుగా, కొంచెం ఎగుడుదిగుడుగా. పాత ఊపిరి ఇలా ఉండేది కాదు. అది నాకింకా ఈ వినే అలవాటు పట్టని రోజుల్లో నా ఊపిరి. ఇది ఇప్పటి నాది. నా ఒంట్లో ఉన్న భయాన్ని తీసుకెళ్లి నా చేతులతోనే దాని ఒంట్లో పెట్టానా అనిపించింది.

అప్పుడు ఆగింది.

ఇమ్మానుయేలు తెర వైపు చూస్తూ చెయ్యి పైకెత్తాడు, ఆగండి అన్నట్టు. ఆయన వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. ఛాతీ లేవడం లేదు. నేను ముందుకి వంగాను. ఫ్యాను రొద, ఇంజను రొద, వాటి వెనక ఏమైనా వినబడుతుందేమోనని వింటున్నాను. వింటూ నేనూ ఊపిరి బిగబట్టాను. బిగబట్టానని అప్పుడు నాకు తెలిసింది.

ఇది కూడా వింటోంది. ఈ పిల్ల నిద్రలో ఆగి, నేను ఊపిరి తీస్తున్నానో లేదో వింటోంది. నేనేమో దానిది వినడానికి నాది ఆపుకుని కూర్చున్నాను.

గట్టిగా ఊపిరి తీశాను, గదంతా వినబడేలా. వదిలాను.

తన్మయి ఊపిరి తీసింది.

"ఫైల్లో ఖాళీ అక్కడితో అయిపోయిందండి, అందుకే" అన్నాడు ఇమ్మానుయేలు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "కాకతాళీయం అంతే ఆంటీ. దానికి మీరు వినబడరు."

అయ్యుండొచ్చు. చదువుకున్నవాడు, తప్పు చెప్పడు. ఆయన బయటికి వెళ్లి అంబులెన్సుని పంపించేశారు. నేను మాత్రం నా మంచాన్ని దాని మంచానికి ఆనించుకున్నాను. రేపు నేను లేని రోజున కూడా ఈ పిల్ల రాత్రంతా ఇలాగే ఆగుతుంది, వింటుంది. అప్పుడు దానికి ఏం వినబడుతుంది? ఆ ఆలోచన వచ్చాక ఇక నాకు భయం పోవడమనేది ఉండదు.

మళ్లీ ఆగింది. మళ్లీ గట్టిగా ఊపిరి తీశాను.